గృహ నిర్వహణము: ఇంటిబండి మట్టము

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో వేసవి సెలవులకు ఇల్లునే వెంట బెట్టుకొని పోవువారు నేడు కొందఱు కలరు. వంటగది, పడకలు, స్నానపు గది, నీటి తొట్లు అన్నియు నొక పొడవైన పెట్టెలో నమర్చి, దానిని చక్రములమీద నిలిపి, పెద్ద కారు వెనుక తగిలించి లాగుకొని పోవుదురు. ఆ దేశమున దీనిని ట్రావెల్ ట్రైలరందురు. మనము ఇంటిబండి యందము. దానిలో వంట యెట్లు చేసికొనవలెను, పడక లెట్లు సర్దుకొనవలెను అను విషయములు సోదరీమణులకు చెప్పనక్కఱలేదు. బండిని నిలిపిన పిదప దానిని ఎత్తుట, మట్టము చేయుట, ఆనించుట అను పనులు మాత్రము మగవారివని మనవారు తలచి, లోపల కాఫీ కాచుచు కూర్చుందురు. ఈ నెల మేము వ్రాయబూనినది ఆ పనులను గూర్చియే.

ఇంటివారు బండి క్రింద ఏదో బిగించుచుండగా లోపల వంట చేసికొనవచ్చునా యని అడుగువా రున్నారు. చేసికొనరాదు. జాకీమీద నున్న బండిలో మనిషి ఉండరాదు, దాని క్రిందను మనిషి ఉండరాదు. లోపల నడచిన ప్రతి యడుగునకును బండి కొంచెము ఊగును. ఆ ఊపు జాకీ తలను కొంచెము కొంచెముగా జరుపును. లోపలివారికి తెలియదు, క్రిందివారికి కనబడదు. కావున ఈ పనిలో ఇంటి ఇల్లాలికి భాగము లేదనుట పొరపాటు. ఎప్పుడు దిగవలెనో, పిల్లల నెక్కడ నిలుపవలెనో, ఎప్పుడు ఆపుమని కేక వేయవలెనో ఆమె యెఱిగియుండవలెను.

మన పల్లెలలో ఎద్దులను విప్పిన బండిని చూచియే యుందురు. రెండు చక్రముల బండి కావున, కాడి దింపగానే నొగ నేలకు వంగును. వంగకుండ ముందువైపున నొక కొయ్య నానింతురు. ట్రైలరు సంగతియు నంతే. పొడవు 30 అడుగులైనను దాని చక్రములు నడుమ ప్రాంతముననే, ఒక దాని వెనుక నొకటిగా, దగ్గఱ దగ్గఱగా ఉండును. ముందు నొగ యున్నది. నొగకు మరతో పైకి క్రిందకు నడచు నొక జాకీ బిగించియుండును. ఇవి గాక నాలుగు మూలలయందు సన్నని యినుప కాళ్లు నాలుగు మడిచియుండును. చూచువారు సహజముగా ఏమనుకొందురనగా, మంచమునకు నాలుగు కోళ్లవలె ఈ నాలుగు కాళ్లును బండిని మోయుటకే యున్నవని. ఇదియే అనర్థములకు మూలము.

సామాను నింపిన 30 అడుగుల బండి 8000 పౌనులు, అనగా సుమారు 3600 కిలోలు, తూగునను కొందము. అందులో నూటికి 10 మొదలు 15 వంతులు నొగమీద నుండునట్లు సర్దుట పద్ధతి. నొగమీద 1000 పౌనులు పోగా మిగిలిన 7000 పౌనులు నాలుగు చక్రములమీద పడును. ఒక్కొక్క చక్రము 1750 పౌనులు మోయుచున్నదన్నమాట. బండి నిలిచియున్నప్పుడును ఈ పంపకము మారరాదు. బరువు మోయవలసినవి చక్రములు, నొగ జాకీ. మూలలనున్న కాళ్లు ఊగుడును తగ్గించుటకు మాత్రమే. పిల్లలు మంచమెక్కి దూకినప్పుడు బండి పడవవలె నూగకుండుటకై వానిని దింపుదురు. ఆ కాళ్లమీద ఇన్ని వేల పౌనులని ముద్రించియుండిన నుండవచ్చును. ఆ అంకె కాలి బలమును చెప్పునే గాని, అది తగిలియున్న చట్రపు మూల బలమును చెప్పదు. చక్రములనుండి వెనుకకు పది పండ్రెండడుగులు చాచుకొనియున్న యినుప దూలమును కొనవద్ద నెత్తి బండిని మోయింపబోయిన, ఆ దూలము మెలిపడును. మొదట తెలియునది తలుపువద్ద: నిన్న సులువుగా మూసికొన్న తలుపు నేడు పైమూల తగులుచున్నదన్నను, అలమర తలుపు తనంత తాను తెఱచుకొనుచున్నదన్నను, ఎవరో ఒక కాలిని మితిమీఱి బిగించినారని గ్రహించి వెంటనే సడలింపవలెను. ఈ గుర్తు ఇంటిలో మసలు స్త్రీకి పురుషునికన్న ముందుగా తెలియును.

మట్టమెందుకను ప్రశ్న కూడ కలదు. ఒక రాత్రి నిద్రకు కొంచెము వాలినచో నేమగునని కొందఱందురు. దోసె పెనముమీద నూనె యొక ప్రక్కకు జాఱుట, స్నానపు గదిలో నీరు మూలను నిలిచిపోవుట, తలవైపు పల్లమై తెల్లవాఱులును తలనొప్పి కలుగుట చిన్న బాధలే కావచ్చును. శీతల పెట్టె విషయ మట్లు కాదు. చాల ట్రైలర్లలోని శీతల పెట్టె మన యిండ్లలోని దానివంటిది కాదు. గ్యాసు మంటతో నడచునది. వినుటకు వింతగా నున్నను నిజము. స్వీడను దేశమున 1922లో బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టెర్స్ అను నిద్దఱు విద్యార్థులు కనిపెట్టిన విధానమిది. పూర్వము విద్యుత్తు లేని ప్రదేశములలో కిరసనాయిలు దీపముతో నడచిన శీతల పెట్టెలు ఈ జాతివే. ఇందులో త్రోయు యంత్రమేదియు లేదు. నీటిలో కలిసియున్న అమోనియా వేడికి ఆవిరియై పైకి పోయి, చల్లబడి ద్రవమై, సన్నని గొట్టములలో తన బరువుచే తాను క్రిందకు జాఱుచు, పెట్టెలోని వేడిని పీల్చును. తన బరువుచే జాఱవలసిన ద్రవము బండి వాలినపుడు గొట్టపు వంపులలో నిలిచిపోవును. అడుగున మంట మాత్రము మండుచునే యుండును. అది గొట్టము నెండబెట్టి చెఱచును; అట్లు చెడిన పెట్టెను బాగుచేయుట కష్టము, క్రొత్తది కొనుట ధనవ్యయము. ఆ పెట్టెలకు సామాన్యముగా ప్రక్కలకు 3 డిగ్రీలు, ముందు వెనుకలకు 6 డిగ్రీలు మించిన వాలు పనికిరాదందురు. రెండు ప్రక్కల చక్రముల నడుమ 6 అడుగు లున్నచో 3 డిగ్రీలనగా ఒక ప్రక్క సుమారు 4 అంగుళములు దిగియుండుట. కంటితో చూచినపుడు ఇది పెద్ద వాలుగా తోచదు. ఇటీవలి బండ్లలో చాలవాటికి బ్యాటరీతో నడచు కంప్రెసరు పెట్టెలు వచ్చినవి. వానికింత పట్టింపు లేదు. మీ బండిలోని దేదియో ముందుగా తెలిసికొనుడు.

మట్టము చూచుటకు మన తాపీ మేస్త్రీలు వాడు రసమట్టమే చాలును. జానెడు పొడవుది దుకాణములో చౌకగా దొరకును. దానిని బల్లమీద పెట్టకుడు. బల్లయే వంకరగా నుండవచ్చును. శీతల పెట్టె లోపలి అరమీదనో, నడుమ నేలమీదనో ఒకసారి అడ్డముగా, ఒకసారి నిలువుగా పెట్టి చూడుడు. అది లేనినాడు పళ్లెములో వ్రేలి మందము నీరు పోసి నేలమీద నుంచిన, అంచు తడియుటను బట్టి పల్లమెటో తెలియును.

ఇక పని వరుస. వరుస తప్పిన మిగిలిన జాగ్రత్తలన్నియు వ్యర్థము గనుక దీనిని కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

బండిని కారునుండి విప్పకముందే ప్రక్కల మట్టము సరిచేయవలెను. ఏ ప్రక్క పల్లముగా నున్నదో ఆ ప్రక్క చక్రముల ముందు గట్టి పలకలు పఱచి, కారుతో మెల్లగా లాగి, చక్రములను ఆ పలకలమీదికి ఎక్కింపవలెను. జాకీతో ఎత్తుట కాదు. ఆ ప్రక్క రెండు చక్రములున్న రెండును ఒకే యెత్తున ఎక్కవలెను. ఒకటి మాత్రమే ఎక్కిన, రెండవదాని బరువుకూడ దానిమీద పడును. టైరు అంతయు పలకమీద ఆనవలెను. అంచు బయటికి వ్రేలాడుచుండిన టైరు లోపలి దారములు నలుగును; ఆ హాని ఆ దినమున కనబడదు, నెల తరువాత రహదారిమీద టైరు పగిలినపుడు తెలియును.

పలకలమీద చక్రములు నిలిచిన వెంటనే వానికి ముందును వెనుకను అడ్డులు పెట్టవలెను. రెండు ప్రక్కలను పెట్టవలెను. అమెరికా ట్రైలర్లకు సామాన్యముగా చేతి బ్రేకుండదు. దాని బ్రేకులు కారునుండి వచ్చు విద్యుత్తుతో పనిచేయును. కారు విడిపోయిన పిమ్మట బండిని పట్టియుంచునది ఈ అడ్డులే. మన లారీ క్లీనర్లు ఏ రాయి దొరికిన దానిని చక్రము క్రింద త్రోయుట కలదు గాని, గుండ్రని రాయి దొర్లును. రబ్బరుతోనో గట్టి చెక్కతోనో ఏటవాలుగా చేసిన అడ్డులే కావలెను. అడ్డు టైరునకు తగిలి బిగువుగా కూర్చుండవలెను. రెండంగుళముల సందు విడిచిన, బండి ఆ సందంతయు పరుగెత్తి వచ్చి అడ్డును దాటినను దాటవచ్చును.

ఆ తరువాతనే నొగ జాకీని దింపుట. జాకీ పాదము క్రింద పలక యుండవలెను. ఎందుకో లెక్క చూడుడు. 6 అంగుళముల చదరపు పాదముమీద 1000 పౌనులు పడిన, ఒక్కొక్క చదరపు అంగుళముపై సుమారు 28 పౌనుల ఒత్తిడి. అడుగు చదరము పలక వేసిన అది 7 పౌనులకు దిగును. అందుచేతనే మన పెద్దలు తడినేలమీద మంచపు కోళ్లక్రింద పెంకులు పెట్టుట. టెక్సాసులో డల్లాసు పరిసరములనున్న సోదరీమణులకు ఇది మఱింత ముఖ్యము. అక్కడి నేల మన నల్లరేగడికి తోబుట్టువు; ఎండకు బీటలు వాఱును, వానకు ఉబ్బి మెత్తబడును. మధ్యాహ్నము రాయివలె నున్న నేల అర్ధరాత్రి వానకు పాయసమగును. ఉదయము లేచిన వెంటనే రసమట్టము చూచుట అక్కడ ముఖము కడుగుకొనుటవంటి అలవాటు కావలెను.

నొగ జాకీ బరువు నందుకొన్నపిదప గొలుసులు, విద్యుత్తీగ, తెగిన బ్రేకు పట్టు తీగ విప్పి, కొలికి వదలించి, కారును నాలుగడుగులు ముందుకు తీయుదురు. ఈ క్షణమున నొగకును కారునకును నడుమ ఎవరును నిలువరాదు. కొలికి వదలనప్పుడు కాలితో తన్నువారిని మేమెఱుగుదుము. ఆ కాలిమీదనే నొగ పడును. వదలకున్న, కారును ముందుకో వెనుకకో అంగుళము కదిపించిన చాలును.

ఇప్పుడు ముందు వెనుకల మట్టము. నొగ జాకీని త్రిప్పి ముందుభాగము నెత్తుటో దింపుటో చేయవలెను. పొడవైన బండిలో ఇక్కడనే ఒక చమత్కార మున్నది. బండి చక్రములమీద త్రాసువలె ఆడును. నొగనుండి చక్రములకు 18 అడుగులు, చక్రములనుండి వెనుక కొనకు 12 అడుగులు ఉన్నవనుకొందము. నొగను 6 అంగుళము లెత్తిన, వెనుక కొన 4 అంగుళములు దిగును. వెనుక మూలల కాళ్లను అంతకుముందే నేలకు దించియుంచిన, ఆ కాళ్లమీద బండి బరువు బలవంతముగా పడును. కాళ్లు వంగునో, చట్రము వంగునో చెప్పజాలము. కావున మట్టము పూర్తియైన తరువాతనే మూలల కాళ్లు దింపవలెను. మరునాడు మట్టము సరిచేయవలసివచ్చినను ముందు కాళ్లు నాలుగును పైకెత్తి, ఆపైన నొగను త్రిప్పవలెను. పొట్టి బండిలో ఈ పొరపాటు అంగుళముతో పోవును. 30 అడుగుల బండిలో అట్లు పోదు.

కాళ్లు దింపుటకు నేడు చాలమంది బ్యాటరీ డ్రిల్లు వాడుచున్నారు. స్త్రీలకు శ్రమ తగ్గించిన మంచి సాధనము. నేల తగులువఱకు దానితో త్రిప్పి, చివరి బిగువు మాత్రము చేతి కడ్డీతో ఇచ్చుట మేలు. యంత్రమునకు ఎక్కడ ఆగవలెనో తెలియదు, చేతికి తెలియును. పాదము పలకను గట్టిగా తాకి ఇంకొక అర చుట్టు, అంతే. ఇంకను కొన్ని క్రొత్త బండ్లలో మీట నొక్కిన తామే మట్టము చేసికొను విద్యుత్కాళ్లున్నవి. ఇవి బరువు మోయుటకే తగినట్లు చట్రముతోకూడ కట్టినవి గనుక వేఱు సంగతి. ఐనను అవి చక్రములను నేలనుండి లేపివేసినచో పనిని ఆపి, పల్లపు ప్రక్క పలకలు వేసి మరల మొదలుపెట్టవలెను. గాలిలో తేలిన చక్రమునకు అడ్డు పెట్టి లాభమేమి?

బయటికి జరుగు గదులున్న బండ్లలో, వానిని కాళ్లు దింపకముందు తీయవలెనో దింపిన తరువాత తీయవలెనో తయారుచేసినవారి పుస్తకమున వ్రాసియుండును. అందఱికి ఒక నియమము లేదు. ఆ పుస్తకమును గ్యాసు పొయ్యి దగ్గఱి అరలో పెట్టుకొనుడు. కారు పెట్టెలో పెట్టిన కారు ఊరిలోనికి పోయినపుడే దానితో పని పడును.

మన యిండ్లనుండి తల్లిదండ్రులు, అత్తమామలు వచ్చియున్నచో ఒక మాట. మట్టము చేయుటకై బండి ఎత్తిన కొలది ద్వారపు మెట్టు నేలకు దూరమగును. మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలికి ఈ రెండు మూడంగుళములే కష్టము. మెట్టు క్రింద వెడల్పైన గట్టి పీట వేసి, మీరు ఒకసారి ఎక్కి దిగి చూచిన పిదపనే వారిని దింపుడు. బండిని మరల కదపునపుడు వారిని బ్రతిమాలియైనను క్రిందికి దింపవలెను. అత్తగారు, నేను కదలను, ఇక్కడనే కూర్చుందును నాయనా, అన్నచో కొడుకు సరే యనును. అక్కడ కోడలు గట్టిగా నిలువవలసియుండును. మడత కుర్చీ యొకటి చెట్టునీడను ముందే వేసియుంచిన వాదమే యుండదు.

ఇంతవఱకు చెప్పినది బండిని నిలుపుట. నిజముగా నేలనుండి ఎత్తవలసిన సందర్భము ముఖ్యముగా ఒకటే: టైరు మార్చుట. ప్రాణములు పోవుట యిక్కడనే. జాకీ జాఱి వాహనము మీదపడి చనిపోయినవారి వార్తలు ఆ దేశమున క్రొత్తవి కావు, మన దేశమునను కావు.

టైరు మార్చునపుడు బండిని కారునుండి విప్పకుండుట మంచిది. ముందుకు వెనుకకు జరుగకుండ కారు పట్టియుంచును. కారు చేతి బ్రేకు వేసి, ఎత్తని ప్రక్క చక్రములకు రెండువైపుల అడ్డులు పెట్టవలెను. లోపలివారందఱును దిగవలెను; రహదారి ప్రక్క నైనచో పిల్లలను వాహనములు పోవు వైపున గాక ఆవలి గట్టుమీద, బండికి దూరముగా కూర్చుండబెట్టవలెను. చక్రపు నట్లను నేలమీద నున్నప్పుడే అర చుట్టు వదులు చేయవలెను. గాలిలో నున్న చక్రమునకు బిగిసిన నట్టును విప్పుటకు బలముకొలది ఈడ్చిన, ఆ ఈడ్పే బండిని జాకీమీదనుండి త్రోయును.

జాకీ ఎక్కడ పెట్టవలెను? ఇరుసు క్రింద కాదు. మన యెద్దుబండి ఇరుసు గట్టి యినుప కడ్డీ. ట్రైలరు ఇరుసు చాల బండ్లలో లోపల బోలైన గొట్టము. దాని నడుమ జాకీ పెట్టి యెత్తిన అది వంగవచ్చును. వంగిన ఇరుసు కంటికి కనబడదు, టైర్లు ఒక ప్రక్క అరుగుటచేత తరువాత తెలియును. ఇరుసులు తయారుచేయు సంస్థలే దానిమీద గాని, కమానుకట్టల మీద గాని జాకీ పెట్టవలదని చెప్పుచున్నవి. చక్రముల దగ్గఱగా, పొడవునను పోవు చట్రపు దూలము క్రిందనే ఎత్తవలెను. కొన్ని బండ్లలో అందుకై గుర్తించిన చోటున్నది, పుస్తకమున చూడుడు.

జాకీ బలమును లెక్కించుటలో లోభము కూడదు. మన 8000 పౌనుల బండికి ఒక ప్రక్క చక్రములమీద 3500 పౌనులున్నవి గదా. అమెరికా టన్ను 2000 పౌనులు. 2 టన్నుల జాకీ సరిగ్గా సరిపోయినట్లు కాగితముమీద కనబడును. కాని సరిపోవుట చాలదు. 4 టన్నులదో 6 టన్నులదో కొనుడు. సీసా ఆకారమున నుండు నూనె జాకీకి అడుగు ఇరుకు. దాని క్రిందను పలక యుండవలెను. దానిలో బరువును నిలుపునది లోపలి నూనెయు ఒక చిన్న రబ్బరు బిగింపును. ఆ బిగింపు పాతబడి కాఱిన, జాకీ చెప్పకయే దిగును. కావున జాకీ ఎత్తుటకే, మోయుటకు కాదు. ఎత్తిన వెంటనే దూలము క్రింద ఇనుప స్టాండులు పెట్టి, బండిని వానిమీదికి దింపి, చేతితో నెట్టి చూచి, అప్పుడే చక్రము విప్పవలెను. విప్పిన చక్రమును దూలము క్రిందికి అడ్డముగా త్రోసియుంచుట మఱియొక రక్ష. స్టాండులున్నను, అత్యవసరము లేనిదే బండి క్రిందికి తల పోనీయరాదు. టైరు మార్చుటకు తల దూర్చవలసిన పనియే లేదు.

స్టాండులకు బదులు బోలు సిమెంటు దిమ్మలు పేర్చువారిని చూచినచో వెంటనే వారింపుడు. ఆ దిమ్మ గోడలో సమానముగా పఱచిన బరువును మోయుటకు చేసినది. ఒక చోట ఇనుప దూలపు అంచు నొక్కిన, ముందుగా పగులు చూపక ఒక్కసారిగా పొడియగును. మన ఊళ్లలో ఇటుకలు పేర్చి లారీ నిలుపుటయు ఇట్టి సాహసమే. చెక్క మేలు. గట్టి చెక్క ముక్కలను రెండు ఇటు, రెండు అటు అడ్డముగా గూడు కట్టినట్లు పేర్చి, గూటి యెత్తు దాని వెడల్పును మించకుండ చూచుకొనవలెను. చెక్క విఱుగకముందు కిఱ్ఱుమని చెప్పును, సిమెంటు చెప్పదు.

1954లో ది లాంగ్, లాంగ్ ట్రైలర్ అను హాస్యచిత్రము అమెరికాలో వెలువడినది. లూసిల్ బాల్, దేశి అర్నాజ్ అను దంపతులు అందు నటించిరి. క్రొత్తగా పెండ్లియైన జంట పొడవైన ట్రైలరును కొని, వానలో బురదలో దిగబడి, వాలిన యింటిలో పడరాని పాట్లు పడుదురు. తెరమీద చూచినచో కడుపుబ్బ నవ్వు వచ్చును. మా అభిప్రాయమున ఆ చిత్రమును బండి కొనకముందు దంపతులిద్దఱును కలిసి చూడదగినది. రాత్రివేళ వానలో, తెలియని చోట, అలసియున్నప్పుడు బండిని మట్టము చేయబూనుట ఎట్లుండునో తెలియును. ప్రొద్దుండగనే మజిలీ చేరునట్లు ప్రయాణమును కుదించుకొనుట ఇల్లాలి చేతిలోనిది. వంట కొంచెము తగ్గించి ఉదయము గంట ముందు బయలుదేరిన చాలును.

మఱియొక చిన్న ఏర్పాటు. పని జరుగునప్పుడు ఆజ్ఞ లిచ్చువారు ఒకరే యుండవలెను. కాని ఆపు అను మాట ఎవరి నోట వచ్చినను, పదేండ్ల పిల్లవాని నోట వచ్చినను, అందఱును చేతులెత్తివేయవలెను. ఎందుకు ఆపితివని తరువాత అడుగవచ్చును. కారు వెనుకకు తీయునపుడు సైగలు చేయు ఇల్లాలు తోలువారి అద్దమున కనబడు చోటనే నిలువవలెను. అద్దము తనకు కనబడకున్న తానును వారికి కనబడదని గుర్తుంచుకొనవలెను.

బయలుదేరునప్పుడు వరుస తలక్రిందులు: మొదట జరుగు గదులు లోనికి, తరువాత మూలల కాళ్లు పైకి, ఆపైన నొగ కారుమీదికి, గొలుసులు, తీగలు, అన్నిటికంటె చివర చక్రముల అడ్డులు. పుస్తకము వేఱుగా చెప్పినచో దాని మాటయే ప్రమాణము. ఒక కాలు దింపియుండగా బయలుదేరినవా రున్నారు. కావున కదలకముందు ఇల్లాలు ఒకసారి చుట్టును నడచి చూచి రావలెను. క్రొత్తగా బిగించిన చక్రపు నట్లను మొదటి 50 మైళ్లలో ఆగి మరల బిగువు చూడవలెను. పుస్తకమున ఇచ్చిన బిగువునకు కొలత రెంచి కలదు, అది కొని బండిలో నుంచుడు.

నీటి తొట్ల శుభ్రతను గూర్చి పలువురు కోరియున్నారు. అది వచ్చు మాసమున వ్రాయుదుము.